మొదటి కుర్చీ నీదే బాపూ

మస్కట్,
శుక్రవారం

బాపుకు, అవ్వకు మీ పెద్దబిడ్డ సుజాత దండాలు పెట్టి రాసుకునే సంగతులు.

నేనిక్కడ బాగున్నాను. మీరు బాగున్నారని మొన్న ఫోన్‌లో విన్నాను కానీ, ఫోన్‌లో అందరూ బాగానే ఉంటారు. అవ్వ మోకాలి నొప్పి నిజంగానే తగ్గిందా? చెల్లె పరీక్షలు ఎలా రాసింది?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అవ్వ అడుగుతుంది. ఫోన్‌లో నేను అసలు సంగతి ఎత్తగానే నువ్వు "సరే బిడ్డా, మీ అవ్వతోని మాట్లాడు" అని తప్పించుకుంటావు. అందుకే సెలవు మీద వస్తున్న పక్క వీధి రాజేశం అన్న చేతికి దీన్ని ఇస్తున్నాను. ఉత్తరాన్ని సగంలో అవ్వకు ఇచ్చి లేచిపోలేవు కదా. అక్షరాలు పెద్దగా రాశాను. చెల్లెతో చదివించుకోకుండా నువ్వే చదువు.

ఇక్కడి ఎండలు మన ఎండలకు ఏమీ తీసిపోవు, పైగా సముద్రపు ఉక్కపోత. చుట్టూ గుట్టలే గానీ ఒక్క గుట్ట మీదా చెట్టు లేదు. నా గదిలో ఉండే కేరళ అమ్మాయి అన్నింట్లో కొబ్బరినూనె పోస్తుంది, నేను అన్నింట్లో కారం వేస్తాను. ఒకరి కూర ఒకరం తిని ఇద్దరం కళ్లనీళ్లు పెట్టుకుంటాం. వచ్చిన కొత్తలో నిద్రే పట్టేది కాదు. పుట్టినప్పటి నుంచి మరమగ్గాల చప్పుడులో పడుకున్నదాన్ని, ఇంత నిశ్శబ్దంలో సాంచాలు ఎందుకు ఆగిపోయాయా అని ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇప్పుడు అలవాటైంది. రంది పెట్టుకోకండి.

కండ్ల ఆసుపత్రిలో నా పని మీకు తెలిసిందే, చూపు పరీక్ష చేసి ఏ నంబరు అద్దాలు కావాలో చెప్పడం. ఈ మధ్య మా డాక్టరమ్మ సెలవు రోజున కూలీల క్యాంపులకు వెళ్లి ఊరికే పరీక్షలు చేసి అద్దాలు ఇస్తోంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, నేనే వెంట వెళ్తున్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఎంత పిలిచినా ఒక్కరూ వచ్చి కుర్చీలో కూర్చోలేదు. వాళ్లలో మల్లయ్య అనే ఆయనది ధర్మపురి దగ్గరి ఊరు, నీ ఈడే ఉంటుంది. తెలుగు వినబడగానే దగ్గరికి వచ్చాడు గానీ, కూర్చోమంటే వెనక్కి జరిగాడు.

"నా కండ్లకేమైంది బిడ్డా, గద్ద కండ్లు నావి," అన్నాడు. చేతిలోని మందు చీటీని మాత్రం చేయి చాచినంత దూరం పెట్టి చూస్తున్నాడు. కాసేపటికి మెల్లగా అసలు మాట చెప్పాడు: "అద్దాలు పెట్టుకుంటె కంపెనోళ్లు చూస్తరు. గీనికి కండ్లు పోయినయని ఇంటికి తోలుతరు. జర నన్ను ఇడిసిపెట్టు."

ఆ మాటతో నాకు నువ్వు కనిపించావు బాపూ.

పోయిన సెలవుకు వచ్చినప్పుడు నీకు అన్నం పట్టుకుని కార్ఖానాకు వచ్చాను, గుర్తుందా? తెగిన పోగును నువ్వు వేలితో తడిమి వెతుకుతున్నావు. అడిగితే "గీ బల్బు మంచిగ లేదు" అన్నావు. బల్బు మార్చారు. అప్పుడు "నూలు మంచిగ వస్తలేదు" అన్నావు. నూలు కూడా మారితే ఇక తప్పు నా మీద పెడతావేమో అనుకున్నాను. నువ్వు పరీక్షకు కూర్చోనంటే నీ ఈడు లెక్కన నేను చేయించి ఇచ్చిన అద్దాలు ఎక్కడున్నాయో కూడా నాకు తెలుసు. దేవుని అర్రలో, నర్సింహస్వామి ఫోటో వెనకాల. అవ్వే చెప్పింది, ఆమె మీద గరం కాకు. స్వామికి చత్వారం లేదు బాపూ, ఉన్నది నీకు.

ఎందుకు దాచావో కూడా తెలుసు. అద్దాలతో కనబడితే కార్ఖానా నడిపే ఆసామి నీ సాంచాలు తగ్గించి కుర్రవాళ్లకు ఇస్తాడు. మన వీధిలో నలభై దాటిన వాళ్లందరిదీ ఇదే భయం. ఇంట్లో పెట్టుకున్న అద్దాలు కార్ఖానా గడప దగ్గర జేబులోకి పోతాయి. తానొక్కడే దాస్తున్నానని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. కొందరికైతే దాచుకోవడానికి కూడా అద్దాలు లేవు.

మా డాక్టరమ్మ మల్లయ్యతో వాదన పెట్టుకోలేదు. అక్కడ అందరి మీదా పెత్తనం చేసే క్యాంపు బాసును పిలిచి, బియ్యం సంచి మీది చిన్న అక్షరాలు చదవమంది. ఆయన సంచిని దూరం జరిపాడు, దగ్గరికి లాక్కున్నాడు, చివరికి నవ్వేసి తనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలు పెట్టుకుని అందరి ముందూ గట్టిగా చదివాడు. అంతే, వరుస కట్టారు. మల్లయ్యా కూర్చున్నాడు. మరుసటి వారం కనబడి నా మీదే ఫిర్యాదు చేశాడు: "అద్దాలిచ్చి నా తిండి చెడగొట్టినవ్ బిడ్డా. గీ పప్పుల పురుగులుంటయని ఇన్నొద్దులు నాకు తెల్వకపాయె."

క్యాంపంతా నవ్వింది. నేను నవ్వి నవ్వి బయటికి వెళ్లి ఏడ్చాను. ఊరుగాని ఊరిలో ఎవరెవరి బాపులకో చూపు సరిచేస్తున్నాను, నా బాపు వేలితో పోగు వెతుక్కుంటున్నాడు.

అందుకే తేల్చుకున్నాను. ఇక్కడి ఒప్పందం ఎండాకాలంలో ముగుస్తుంది, మళ్లీ రాయించుకోను. వచ్చి మన వీధిలో ఇదే పని మొదలుపెడతాను. బతుకుదెరువు గురించి ఫికర్ చేయకు. కరీంనగర్‌లో ఒక కండ్ల ఆసుపత్రివాళ్లు రమ్మన్నారు. వారమంతా అక్కడ పని చేస్తాను, ఆదివారాలు మనవాళ్లకు చూస్తాను. డాక్టరమ్మ తన పాత లెన్సుల పెట్టె ఇస్తానంది. నాతో కోర్సు చదివిన జైనూర్ పిల్ల జంగుబాయి, తర్వాత తమ గూడేలకు రమ్మంటోంది. అక్కడి ముసలివాళ్లు బియ్యంలో రాళ్లు కనబడక అలాగే వండుకుంటున్నారట. "నువ్వు రా పిల్లా, జీపు సంగతి నేను చూస్త," అంది.

అవ్వకో పని చెప్పు. పోగు పోయి తప్పు పడిన గుడ్డ ముక్కలు దొరికితే దాచిపెట్టమను. నేతపని వాళ్ల చూపును అక్షరాల అట్ట కంటే ఆ గుడ్డతోనే బాగా పరీక్షించవచ్చు. రాజేశం అన్న తిరిగి వచ్చేటప్పుడు పుంటికూర తొక్కు పంపండి, కేరళ పిల్లకు కూడా రుచి చూపిస్తాను.

ఆసామికి ఫోన్ చేశాను. భయపడకు, నీ పేరు ఎత్తలేదు.

"కండ్లు ఆననోనికి గన్ని సాంచాలు ఎట్ల ఇస్త?" అన్నాడు.

"అద్దాలు పెట్టుకుంటె ఆనుతయి గద కాకా," అన్నాను.

"చూద్దాం తియ్యి," అన్నాడు.

ఒక్కరు పెట్టుకుంటే ఆ ఒక్కరి సాంచాలు తగ్గిస్తాడు, నిజమే. వీధి మొత్తం ఒకేనాడు పెట్టుకుంటే ఎవరివి తగ్గిస్తాడు? తగ్గిస్తే గుడ్డ ఎవరు నేస్తారు? నాకు ఆ ధైర్యం ఉంది. కాకపోతే ముందు ఒకరు కూర్చోవాలి, ఎవరో ఒకరు కూర్చుంటే కుదరదు. సాంచా మొరాయిస్తే పక్క కార్ఖానాల వాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చేది నీ కోసమే. నువ్వు కూర్చుంటే వీధి కూర్చుంటుంది. నువ్వు కూర్చోకపోతే నా పెట్టె మూత తెరిచే పనే ఉండదు.

పెద్దబాపుకు, పెద్దవ్వకు నా దండాలు చెప్పండి. చెల్లెను బాగా చదువుకోమనండి. మీ ఇద్దరి దీవెన ఉంటే నాకు ఏ లోటూ లేదు.

బాపూ, ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా సరే. నేను వచ్చాక మన నేతవాళ్ల సంఘం హాలులో, అందరూ చూస్తుండగా నా ముందు కూర్చో. నేను చూపించింది కనబడకపోతే అందాజగా చెప్పకు. "ఆన్తలేదు బిడ్డా" అను. ఇన్నేళ్లలో ఆ మాట నువ్వు ఎవరితోనూ అనలేదు. నాతో అను. పక్కన నిలబడ్డ వాళ్లంతా ఎన్నాళ్లుగానో ఆ మాట అనడానికే ఎదురుచూస్తున్నారు.

మీ పెద్దబిడ్డ,
సుజాత