పెద్దమ్మ చేతి అప్పడాలు

బరంపురం, గురువారం రాత్రి

ఇవాళ అమ్మ పెద్దకర్మ అయింది. పెద్దమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఏడవదా మరి! గేట్ బజార్‌లో వాళ్ళ కొట్టు నిలబడింది అమ్మ ఒత్తిన అప్పడాల మీదే. "నా సేతి అప్పడాలు" అని చెప్పుకుని అమ్మింది మహాతల్లి. అమ్మ ఒక్కనాడూ కాదనలేదు.

భోజనాలవుతుండగా నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "పిండిలో మీ అమ్మ ఏటి కలిపేదే? నాకొక్కదానికే సెప్పు," అంది గుసగుసగా.

అమ్మ కలిపేది నల్లేరు రసం. అది దంచిన ప్రతిసారీ దురదతో రాత్రంతా చేతులు గోక్కునేది. ఆ తీగ పెద్దమ్మ ఆనుకున్న గోడ మీదే ఉంది.

బంతి మొత్తానికి వినపడేలా అన్నాను. "అవి నీ సేతి అప్పడాలు కదా పెద్దమ్మా! నాకేటి తెలుసు?"

తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆవిడ మొహం మాడిపోయింది. నా కడుపు నిండింది.

అమ్మమ్మ నల్లేరు దంచడం రోజూ పక్కన కూచుని చూసిన నా కూతురు చిట్టి, పడుకోబోతూ అడిగింది, "అమ్మమ్మయితే సెప్పేసేది కదమ్మా?"

చెప్పేసేది. నల్లేరు కోసి చేతిలో పెట్టేది కూడా.

పొద్దున్నే ఆ తీగను మేడ మీదకి మార్చెయ్యాలి. పెద్దమ్మకి మెట్లెక్కే ఓపిక లేదు. కానీ చిట్టి నోటికి ఏం చెయ్యను? దానిది అచ్చం అమ్మమ్మ పోలిక.