చేపపిల్లలకు పెట్టిన సంతకం

శనివారం, ఎండాకాలం మొదలు

ఈ రోజు మా ఊరి చెరువులో వల లాగాం. ప్రభుత్వం ఇచ్చిన చేపపిల్లలు ఈపాటికి కిలో తూగాలి. వలలో పడ్డవి అరచేయంత కూడా లేవు. అవీ కొన్నే. గోదావరిఖని మార్కెట్‌కు తట్టలతో తయారై వచ్చిన ఆడవాళ్లు గట్టు మీదే కూలబడ్డారు.

మా మత్స్యకారుల సంఘంలో పెద్దవాడు మల్లయ్య కాక ఒక చేపను తిప్పి చూసి, "గింత సన్నపిల్లలను ఎవడు తీస్కున్నడురా?" అన్నాడు.

తీసుకున్నది నేనే, సంఘం అధ్యక్షుణ్ణి. వానలు తగ్గాక, ఆలస్యంగా వచ్చింది చేపపిల్లల లారీ. సంచుల్లో సగం పిల్లలు చచ్చి తెల్లగా తేలుతున్నాయి. తిప్పి పంపితే ఈ ఏడాదికి ఇవి కూడా ఉండవని భయపడ్డాను.

"నేనే కాకా. సగం సచ్చినయని తెలిసే, అన్ని ముట్టినయని రసీదు మీద సంతకం పెట్టిన," అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మా కోడలు రేపటి సంది సెంటినరీ కాలనీల బొగ్గుగనోళ్ల ఇండ్లల్ల అంట్లు తోమ పోతదిరా," అని మాత్రం అన్నాడు. తన వాటా ముట్టకుండా ఇంటికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి నా భార్య రాజవ్వకు జరిగింది చెప్పాను. "కాక కోడలితోని నేను గూడ పనికి పోత. నన్ను ఆపకు," అంది.

కాక ఇక నాతో కలిసి వల లాగుతాడో లేదో...

మొదటి బస్సు అందాలి, తెల్లవారకముందే లేపమని చెప్పి రాజవ్వ పడుకుంది.