ఎవరికీ చెప్పకూడని పరీక్ష

సెప్టెంబర్ 2

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

బడి తెరిచారు. పిల్లలకు కొత్త పుస్తకాలు, నాకు ఈ కొత్త డైరీ. మూడేళ్ల క్రితం గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకుంటే 'అసాధారణం' అని వచ్చింది. మరుసటి ఏడాది మళ్లీ చేస్తే 'మామూలే' అన్నారు. ఏటా రమ్మని కూడా అన్నారు. ఆ రెండో మాట నా చెవిదాకా రాలేదు.

భూగోళం టీచరమ్మను. నైలు నది ఎక్కడ పుట్టిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గర్భాశయ ముఖద్వారం ఎక్కడుందంటే మాత్రం చెయ్యి అటూ ఇటూ ఊపి 'అక్కడెక్కడో' అంటాను.

తీర్మానాలు: పరీక్షకు వెళ్లడం. అదేమిటో అర్థం చేసుకోవడం. ఎవరికీ చెప్పకపోవడం. ఫలితం వచ్చేదాకా భయపడకపోవడం.

ఎంత తేలిక!

సెప్టెంబర్ 4

వెళ్లలేదు. ఆడపడుచు వియ్యాలవారు కొండల అవతలి నారిన్ నుంచి దిగారు. ముందుగా చెప్పి రావడం వాళ్ల ఇంటా వంటా లేదు. గొర్రెను కోయించి, ఉడికించి, వయసును బట్టి ఎవరికి ఏ ఎముక పెట్టాలో తప్పకుండా వడ్డించేసరికి పొద్దుపోయింది. పెద్దాయన పళ్లెంలో ఆయన ఎముక పడకపోతే ఆ మాట మనవళ్ల పెళ్లిళ్లదాకా చెప్పుకుంటారు. నా ముఖద్వారం గురించి ఎవరు చెప్పుకుంటారు?

సెప్టెంబర్ 6

వెళ్లలేదు. క్లినిక్‌లో నర్సు ఎవరు? రాహత్ అక్క. మా ఆయన అన్నగారి భార్య. ఈ కరకోల్ ఊరు మొత్తంలో నర్సు చదువు చదవడానికి ఇంకెవరూ దొరకలేదు కాబోలు.

సెప్టెంబర్ 10

వెళ్లాను!!!

గుమ్మంలోనే రాహత్ అక్క.

"ఏంటమ్మా గుల్‌బర్చిన్, ఇటొచ్చావ్?"

"బీపీ చూపించుకుందామని, అక్కా."

"బీపీకి ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికా?" అని, ఇంకేమీ అడగకుండా లోపలికి చెయ్యి చూపించింది.

డాక్టర్ మెదెరోవా. నా పాత విద్యార్థుల వయసు ఉంటుంది. మా ఊళ్లో ఆపిల్ తోట లేనివాడు లేడు కనుక తోట భాషలోనే చెప్పింది.

"ఇదివరకు చేసిన పరీక్ష కణాల్లో తేడా వచ్చిందా అని చూస్తుందండీ. కాయ మీద మచ్చ పడిందా అని చూసినట్టు. ఇవాళ చేసేది, ఆ మచ్చ తెచ్చే పురుగు తోటలో ఉందా అని. పురుగంటే హెచ్‌పీవీ అనే వైరస్."

"మరి 'మామూలే' అన్నారుగా?"

"ఆ ఏడాదికి మామూలే. ఒకసారి మచ్చ కనిపించిన చెట్టుని మిగతా చెట్లకన్నా తరచుగా చూసుకోవద్దూ?"

"ఎలా వస్తుంది ఇది?"

"కాపురం వల్ల. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. అంతేకాదు..."

ఆ తర్వాత ఆమె ఇంకా చాలా చెప్పింది. నాకు 'కాపురం వల్ల' దగ్గరే చెవులు మూసుకుపోయాయి. పరీక్ష మాత్రం రాహత్ అక్కకు అబద్ధం చెప్పినంతసేపు కూడా పట్టలేదు. ఫలితం రాగానే ఫోన్ చేస్తారట.

సెప్టెంబర్ 11

కాపురం వల్ల! నా కాపురం ఒక్కడితోనే. ఆ ఒక్కడు సరిహద్దు దాటి అల్మాతీకి లారీ తోలతాడు. దారి పొడవునా ఎన్ని టీ కొట్లు!

ఫోన్ చేశాను.

"తలాయ్, దార్లో టీ ఎక్కడ తాగుతావు?"

"కేగెన్‌లో. ఎందుకే?"

"పోసేది ఎవరు?"

"ఒక ముసలాయన. మీసాలుంటాయి. ఏమైంది నీకు?"

"ఆయనకి కూతుళ్లున్నారా?"

ఫోన్ పెట్టేశాడు. తప్పు చేసినవాడే కదా పెట్టేసేది! (భయపడకూడదన్న తీర్మానం భద్రంగానే ఉంది. ఇది భయం కాదు, దర్యాప్తు.)

సెప్టెంబర్ 15

తలాయ్ నిన్న వచ్చాడు. చొక్కా జేబులు వెతికాను. డీజిల్ రసీదులు, పొద్దుతిరుగుడు గింజల తొక్కలు. సూప్‌లో కావాలని ఉప్పు వేయలేదు. గిన్నె అడుగుదాకా తాగాడు. ఇవాళ తట్టుకోలేక నిలదీశాడు. మొత్తం కక్కేశాను, ఏడుస్తూ.

"నాకు చెబితే నేనే తీసుకెళ్లేవాణ్ణిగా!" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

ఎవరికీ చెప్పకూడదన్న తీర్మానం పోయింది. భర్త 'ఎవరో' కాదు కనుక సగమే పోయినట్టు.

సెప్టెంబర్ 20

సుయుంచీ!

సాయంత్రం రాహత్ అక్క గేటు తోసుకుంటూ అరుస్తూ వచ్చింది. "సుయుంచీ! గుల్‌బర్చిన్, సుయుంచీ!" శుభవార్త మోసుకొచ్చినవాళ్లు ఇక్కడ అలాగే అరుస్తారు. సుయుంచీ అంటే ఆ వార్తకిచ్చే కానుక; అది చేతిలో పడేదాకా వార్త చెప్పరు. నేను ఆలోచించానా? తలాయ్ అల్మాతీ నుంచి తెచ్చిన ఎర్రపూల శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాను.

"అంతా క్షేమం! ఇప్పుడే ఫోనొచ్చింది. ఉండు, అత్తయ్యకీ చెప్పాలి," అని వీధిలోకి పరుగెత్తింది.

అంతా క్షేమం! పురుగూ లేదు, మచ్చా లేదు! పిండి ముక్కలతో బోర్సోక్‌లు వేయించి వీధంతా పంచాను. తలాయ్ సూప్‌లో రెండింతలు ఉప్పు వేశాను. ఏదో తెలియని నంబర్ నుంచి ఫోన్ రెండుసార్లు మోగింది. అప్పులు అంటగట్టేవాళ్లయి ఉంటారు, ఎత్తలేదు.

ఇంత మంచి ఆరోగ్యం ఉన్నదానికి డైరీ ఎందుకు?

సెప్టెంబర్ 26

డైరీ కావాల్సి వచ్చింది.

రాహత్ అక్క ఇంట్లో విందు. పెద్దలంతా చేతులు చాచి దీవెనలు ఇస్తున్నారు. ఎవరికి? బిష్కెక్‌లో రాహత్ అక్క కూతురికి పుట్టిన పాపకు. పుట్టింది ఇరవయ్యో తేదీన. 'అంతా క్షేమం' అంటే తల్లీ బిడ్డా. ఆ పిల్లకు నెలలు నిండాయని నాకు తెలియదా? తెలుసు! నా గోలలో నేనుండి మరిచిపోయాను. ఎర్రపూల శాలువా కప్పుకుని రాహత్ అక్క మాంసం వడ్డిస్తోంది.

వంటింట్లోకి లాగి అడిగాను. "అక్కా, మరి నా ఫలితం?"

"నాకేం తెలుసమ్మా? ఇంకొకరి ఫలితాలు చూడటం నా పని కాదు. డాక్టరమ్మ నీకు ఫోన్ మీద ఫోన్ చేస్తోందట, ఎత్తవేంటి?"

సెప్టెంబర్ 27

వైరస్ ఉంది.

డాక్టర్ రెండుసార్లు చెప్పింది, ఈసారి రెండుసార్లూ విన్నాను. ఇది క్యాన్సర్ కాదు. వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వస్తుందనీ కాదు. కానీ పాత ఫలితం కూడా ఉంది కనుక ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో దగ్గరగా చూడాలి. తేడా ఉంటే ఇప్పుడే తీసేయొచ్చు. ఒకటో తేదీన రమ్మంది.

"మా ఆయన వల్లేనంటారా?"

"ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదండీ అది. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. ఆ రోజూ ఇదే చెప్పాను."

కేగెన్‌లోని మీసాల ముసలాయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. తలాయ్‌కు పైకే చెప్పాను.

భయంగా ఉంది. దర్యాప్తు కాదు, భయమే.

అక్టోబర్ 1

వెళ్లలేదు. బంగాళాదుంపలు తవ్వాలి. మంచు పడితే నేల గట్టిపడుతుంది. గడ్డలు నా కోసం ఆగవు.

(ఎండ కాస్తోంది. ఈ వారమంతా కాస్తుందట.)

అక్టోబర్ 2

మళ్లలో ఉండగా అత్తయ్య వచ్చారు. ఆవిడ పేరు ఇక్కడా రాయను. కోడలు అత్తవారి పెద్దల పేరెత్తకూడదు. ముఖద్వారం గురించి మాత్రం పేజీలకు పేజీలు రాయొచ్చు.

వచ్చి, నా పక్కన కూర్చుని, తన తెల్ల శాలువా విప్పి నా మట్టి చేతుల్లో పెట్టారు.

"ఏంటత్తయ్యా ఇది?"

"సుయుంచీ."

"నేనే వార్తా తేలేదుగా!"

"తెస్తావుగా. తలాయ్ చెప్పాడులే. ముందే ఇస్తున్నా."

"ఎలాంటి వార్తో తెలీకుండానేనా? చెడ్డదైతే?"

ఆవిడ ఒక గడ్డ తీసుకుని మట్టి దులపసాగారు. "మా చెల్లెలుండేది. కింద రక్తం పోతోందని ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. మాకు తెలిసేసరికి ఏం మిగల్లేదు. అది ఏ వార్త తెచ్చినా బాగుండేదమ్మా. వచ్చి ఈ గుమ్మంలో నిలబడి, దాని నోటితో అది చెబితే చాలు, శాలువా కప్పేదాన్ని."

ఇద్దరం చీకటి పడేదాకా గడ్డలు ఏరాం. ఇంటికి నడుస్తూ, "ఆ పరీక్ష నా వయసువాళ్లకి చేస్తారా?" అని అడిగారు. అడుగుదామన్నాను.

అక్టోబర్ 3

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

డాక్టర్‌కు నేనే ఫోన్ చేశాను. సోమవారం, పొద్దున్నే. లారీలో తలాయ్, నేను, మధ్యలో అత్తయ్య. వియ్యాలవారు దిగితే గొర్రెను వాళ్లే కోసుకుంటారు, ఎముకలు వాళ్లే పంచుకుంటారు. రాహత్ అక్క ఎందుకొచ్చావని అడిగితే బీపీ అనను.

బంగాళాదుంపల మడి ఇంకా సగం ఉంది. ఉండనీ.

శాలువా పుచ్చుకున్నాను. వార్త బాకీ.