నా పొగగొట్టం వంక చూసే ఆవిడ విషయమై

ఊరి కంచెల, సరిహద్దు తగాదాల పరిశీలకుల వారి సముఖమునకు,
కాల్డర్ హాలో, న్యూ హాంప్‌షైర్.

కొండదారి చివరి ఇంట్లో ఉండే ఆరిన్ ట్విచెల్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ఫిర్యాదు మీదనే పొరుగావిడ వెర్నా ఫిల్‌బ్రిక్‌కు తమరు ఇచ్చిన నోటీసును రద్దు చేయుట గురించి.

1. ఏటా ఊరి సభలో లేచి హక్కుల గురించి మాట్లాడేవాడిని నేనేనని తమకు తెలియును. నా హక్కు వల్ల ఎదుటివాడికి పుట్టే విధి ఒక్కటే, నా జోలికి రాకుండా గోడకు అవతల ఉండటం. అంతకు మించి ఎవరూ ఎవరికీ ఏమీ చేయనక్కర్లేదు. ఇందులో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోవడం లేదు.

2. గడచిన చలికాలం నేను మంచు మీద జారి, కాలు విరిగి, పొయ్యి రాజేసే ఓపిక లేక వంటింట్లో పడి ఉండగా, సదరు వెర్నా నా పొగగొట్టంలో పొగ రాకపోవడం గమనించి, మా ఇళ్ల మధ్య రాతిగోడ దాటి, అనుమతి లేకుండా ప్రవేశించి, నా ప్రాణం కాపాడినది. సూపు కూడా తాగించినది.

3. కాలు అతుక్కున్నాక, సూత్రం సూత్రమే కనుక, అక్రమ ప్రవేశమని ఫిర్యాదు చేసితిని. ఆవిడ ఇక గోడ దాటరాదని తమరు నోటీసు ఇచ్చితిరి. ఆవిడ దానిని పాటించుచున్నది. నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా పాటించుచున్నది. కుక్కను కూడా గోడ దాటనివ్వదు. ఆ కుక్కకూ నాకూ ఏ గొడవా లేదు.

4. మళ్లీ మంచు పడుతోంది. నా పొగగొట్టం వంక చూడమని అడిగే హక్కు నాకు లేదు. చూడవలసిన విధి ఆవిడకూ లేదు. లేని హక్కు కోసం అర్జీ ఎట్లా పెట్టాలో తెలియక, ఉన్న నోటీసు తీసేయమని మాత్రమే అడుగుతున్నాను. ఇది సూపు కోసం కాదని మనవి. ఒక్కడినే ఉండాలంటే నాకు భయంగా ఉందండీ.

కావున తమరు పెద్దమనసుతో ఈ సంగతి చిత్తగించవలెను.

ఎవరికీ విధేయుడు కాకపోయినా,
ఈ ఒక్కసారికి తమ విధేయుడు,
ఆరిన్ ట్విచెల్

తా.క. నిన్న పొద్దున, ఏం చేస్తుందో చూద్దామని కావాలనే పొయ్యి వెలిగించలేదు. కాసేపటికి వెర్నా వచ్చి గోడకు అవతలే నిలబడింది.

"ఏమయ్యా ఆరిన్, ఉన్నావా పోయావా? లోపలికొచ్చి చూసే హక్కు నాకు లేదుగా, నువ్వే చెప్పు."

"ఉన్నాను వెర్నా," అన్నాను కిటికీ తీసి.

"ఉంటే పొయ్యి వెలిగించుకో. పొద్దున్నే మనిషినిట్లా హడలగొట్టే హక్కు నీకెవరిచ్చారు?"

ఎంత ఆలోచించినా ఆ హక్కు నాకు ఎక్కడా కనబడలేదు. నా ఇంటి తాళంచెవి తీసుకెళ్లి గోడ మీద పెట్టాను. తమ కాగితం వచ్చేదాకా ఆవిడ దాన్ని ముట్టుకోదట. దాని మీద మంచు పడుతోంది, త్వరగా సంతకం పెట్టండి.