సైగోన్‌కు పంపని రవికె కొలత

పుదుచ్చేరి,
1924 ఆగస్టు

సముద్రానికి అవతల సైగోన్‌లో కొలువు చేస్తున్న నా ఇంటివారికి, పట్టమ్మాళ్ రెండు చేతులూ జోడించి రాసుకునేది. భర్త పేరు రాస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది కాబట్టి, కవరు మీద మీ పేరు ఎప్పటిలాగే అల్లుడు నటేశన్ రాస్తాడు. ఇక్కడ అత్తగారు, రెడ్డియార్‌పాళయంలో మన అమ్మాయి మంగళం, అల్లుడు అందరూ క్షేమం. మీరూ క్షేమమని తలుస్తున్నాను.

మీ ఉత్తరం, ఫోటో అందాయి. టోపీ పెట్టుకున్న మిమ్మల్ని అత్తగారు చాలాసేపు గుర్తుపట్టలేదు. "ఎవురే ఈ దొర?" అని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి, "చెవులు మాత్రం నా బిడ్డవే. మిగతాదంతా యాడిదో" అన్నారు. ఆ ఫోటో నా తలగడ కింద ఉంది. ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వకండి.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను. పెరటి గోడ వానలకు ముందే కట్టించాం. తేంగాయితిట్టు నుంచి అల్లుడు గుల్లసున్నం తెప్పించి దగ్గరుండి పూయించాడు. అత్తగారి మోకాళ్ళకు తైలం రాయడం మానలేదు, కాకపోతే ఇప్పుడు మంగళం రాస్తోంది. నా అక్షరాలు ఎందుకు వంకర తిరిగాయని, మంచమెక్కి రాస్తున్నానా అని ఎగతాళి చేశారు. పనసకాయ కోస్తుంటే చెయ్యి బెణికిందని కిందటిసారి రాసిన మాట అబద్ధం. నిజంగానే మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

రవికె కొలత అడిగారు. అక్కడి చీనా దర్జీ చెయ్యి మంచిదని, ఊదారంగు పట్టు చూసి పెట్టానని రాశారు. నాకు ఊదారంగు నప్పుతుందని మీకింకా గుర్తుందా అని ఆ ఒక్క వాక్యమే పదేపదే చదువుకున్నాను. కొలత మాత్రం పంపలేను. ఎందుకో ఇక దాచను.

నేను ఆస్పత్రిలో ఉన్నాను. వేసవిలో కుడి రొమ్ములో గట్టిగా ఒక గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. అది పెరిగింది. రాచపుండని చెప్పి దొర డాక్టరు రొమ్ము మొత్తం తీసేశాడు. రెండు చేతులూ జోడించి అని పైన రాశాను గానీ, కుడిచెయ్యి ఇంకా సరిగా లేవదు. మీకు తెలియనివ్వవద్దని ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించుకున్నది నేనే. తెలిస్తే కొలువు వదిలేసి పరుగెత్తుకొస్తారేమోనని భయపడ్డాను. తెలిసి కూడా రారేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను.

కోత మానగానే ఇంటికి పంపిస్తామన్నారు. అది మానలేదు, అందుకు కారణం నేనే. ఆపరేషను ముందు ఇక్కడ రోగులను చూసుకునే కన్యాస్త్రీ నా తాళిని మెడలోంచి తీయించి మణికట్టుకు కట్టింది. "కట్టు కింద ఏమీ ఉండకూడదు, పుండు మానేదాకా చేతికే ఉండనీ" అని తనకొచ్చిన అరవంలో నచ్చజెప్పింది. మత్తు దిగి కళ్ళు తెరవగానే నేను చేసిన మొదటి పని దాన్ని మళ్ళీ మెడలో వేసుకోవడం. మీరు సముద్రం అవతల ఉండగా నా మెడ ఎలా ఖాళీగా ఉంచుకుంటాను? ఆమె కంట పడకుండా తాళిబొట్టు కట్టు లోపలికి దోపుకున్నాను. కట్టు మార్చే వేళకు వెనక్కి, జడ కిందికి తోసేదాన్ని. శుక్రవారాలు పసుపుతాడుకు పసుపు రాసుకోవడం కూడా మానలేదు.

కోత ఎర్రబడింది, చీము పట్టింది, ఒళ్ళు కాలిపోయింది. ఒకనాడు కట్టు విప్పితే కుట్లు తెగి పుండు నోరు తెరుచుకుని ఉంది. ఆ రోజు తాడును వెనక్కి తోసే ఓపిక నాకు లేకపోయింది. అది చీములో తడిసి అక్కడే దొరికిపోయింది.

కన్యాస్త్రీ నన్ను కసరలేదు. "నేను తెంపను, నువ్వే తియ్యమ్మా" అంది. తీయనన్నాను. పోతే ముత్తైదువగానే పోతానన్నాను. ఆమె వచ్చి అడిగినప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకున్నాను. పుండు లోతుకు పోతూనే ఉంది.

చివరికి ఆమె అత్తగారికి కబురు పంపింది. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు ఏ పేరంటానికీ వెళ్ళలేదు. మంగళం పెళ్ళిలో తాళి ఉన్న పళ్ళెం వస్తుంటే ఎదురు రాకూడదని వంటింట్లోకి తప్పుకున్న మనిషి. ఆమె వచ్చి నా మంచం మీద కూర్చుని, కట్టు వాసనకు మొహం తిప్పుకోకుండా, "ఏందే ఈ పని?" అన్నారు.

"ఆయనకేమైనా అయితే, అత్తా?" అన్నాను.

"నేనొక్క దినమన్నా తీసింటినా? పురిట్లో గూడా తియ్యలేదే. నీ మామ నిలిచినాడా?" అన్నారు. నా జడ పక్కకు తీస్తూ, "నా బిడ్డను ఆ సామి జూసుకుంటాడు. వాడు ఇంటికొస్తే తలుపు తీసేదానికి నువ్వుండాల గదా. తల వంచు" అన్నారు.

వంచాను. ఎవరి తాళినీ తాకని ఆ చేతులే నా తాళిని తీశాయి. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం. ఇప్పుడది మన దేవుడి గూట్లో, కుంకుమ భరిణెలో ఉంది. అత్తగారు దాని ముందు దీపం పెడుతున్నారు.

ఆ తర్వాత టపా ఓడ వచ్చేదాకా నేను పడ్డ బాధ పుండు బాధకంటే పెద్దది. మీ కవరు చేతికి రాగానే చదవలేదు, ముందు తేదీ చూశాను. తాళి తీసిన తర్వాత రాసిన ఉత్తరమే. నా మెడ బోసిగా ఉన్న రోజుల్లోనే మీరు టోపీ పెట్టుకుని నవ్వుతూ ఫోటో తీయించుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇప్పుడు పొద్దునా సాయంత్రం మందునీళ్ళతో కడుగుతున్నారు. ప్రాణం పోయినంత మంట. అయినా అడుగు నుంచి కొత్త కండ వస్తోందని కన్యాస్త్రీ అంటోంది. గడ్డ మళ్ళీ రాదని మాత్రం డాక్టరు మాట ఇవ్వలేదు.

ఎప్పుడూ మీ వీలు చూసుకుని రండి అని రాసేదాన్ని. ఈసారి అలా రాయను. రండి. మిమ్మల్ని చూడాలని ఉంది. పుండు మానాక తాళి తాను వేస్తానని మంగళం అంటే వద్దన్నాను. తీసింది మీ అమ్మ, కట్టవలసింది మీరు. ఊదారంగు పట్టు తీసుకురండి, కుట్టించవద్దు. నా ఒళ్ళు ఒకవైపు చదునుగా ఉంటుంది. ముందుగానే చెప్పాను కాబట్టి, చూసి మొహం తిప్పుకోకండి. చూశాక కూడా తాడు ముడి వేయాలని మీకనిపిస్తే, ఆ రవికె మన వీధి దర్జీ దగ్గర కొత్త కొలతతో కుట్టించుకుంటాను.

కవరు కోసం అల్లుడు సాయంత్రం వస్తానన్నాడు. అతనికోసం కాచుకోను. తాళి తీసినా నిక్షేపంలా ఉన్న మనిషి, పేరు రాస్తే మాత్రం ఏమవుతారు?

ఇట్లు,
విజయరంగన్ గారి ఇల్లాలు
పట్టమ్మాళ్