ఈశాన్యం మూల ఉప్పు

వడమాలపేట,
మే నెల, 1983

చిరంజీవి తమ్ముడు మునస్వామికి అక్క చంద్రకాంతమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలనే కూర్చున్నాను. ఆ మాట అబద్ధమవుతుందేమోనని కలం కదలడం లేదు. మా కొత్తింట్లో కొళాయి కొరుకుతోంది.

నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వి, తర్వాత చదువు. పొద్దున బిందె పెట్టి కొళాయి తిప్పితే వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు జిల్లుమంటూ మోచేతిదాకా వస్తుంది. చెయ్యి తీస్తే ఏమీ ఉండదు. నా కొడుకుతో చెబితే, "వయసైపోయినాది కదమ్మా, తిమ్మిరెక్కుంటాదిలే" అన్నాడు. ప్రేమానందం పుత్తూరు బళ్లో లెక్కలు చెబుతాడు గానీ అమ్మ మాట వాడి లెక్కలోకి రాదు. మరుసటి దినం వాడే మొహం కడుక్కోబోయి, సబ్బు నురగతో వీధిలోకి పరిగెత్తాడు.

ఇప్పుడు "ఈ ఇల్లు మనకు పడలేదమ్మా, బాడుగకిచ్చేసి తిరుపతిలో పాత పోర్షనుకే పోదాం" అంటున్నాడు. మీ బావ ఈ స్థలం కొన్ననాడు నేలలో వేపపుల్లలు గుచ్చి, "చంద్రా, ఈడ వంటిల్లు, ఈడ నీ అరుగు" అని చూపించారు. ఇల్లు లేచేదాకా ఆయన ఉండలేదు. ఆ అరుగు మీద కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను. దీన్ని విడిచి నేను యాడికి పోయేది?

కరెంటు పనంతా నీ చేతి మీదే జరిగింది కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఏం చేయమంటావో రాయి.

ఇట్లు,
నీ అక్క

మరిచాను: స్విచ్చు ఆర్పినా కరెంటు గోడలోనే ఉంటుందంట కదా. గోడకు ఆనుకుని పడుకోవచ్చునా?

———

చిత్తూరు

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు మునస్వామి నమస్కారాలు.

నవ్వాను, తర్వాత చదివాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. వెంటనే రావాల్సిన పనే గానీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇది సీజను. మిషను ఆగితే కాయలు కుళ్లిపోతాయని కరెంటు పనివాళ్లను గేటు దాటనివ్వడం లేదు.

నా వైరింగులో తప్పు లేదు. ఇది రాసిపెట్టుకో. బోరు మోటారులోంచి కొంచెం కరెంటు పైపులోకి దిగుతున్నట్టుంది. అది నేలలోకి పోవాలి గానీ మీ చేతుల్లోకి రాకూడదు. అందుకే ఒక్క మాట అడుగుతున్నాను. ఈశాన్యం మూల ఎవరైనా తవ్వారా? దాచకుండా రాయి.

అంతవరకు మోటారు వేయొద్దు, కొళాయి ముట్టొద్దు. పక్కింటి శకుంతలమ్మ గారి బావిలో నీళ్లు తెచ్చుకోండి.

ఇట్లు,
మునస్వామి

గోడకు ఆనుకోవచ్చు.

———

వడమాలపేట

తమ్ముడు మునస్వామికి అక్క దీవించి, భయపడుతూ రాసేది.

ఆ మూల సంగతి నువ్వే అడిగావు. అంటే నీకూ అనుమానం వచ్చిందన్నమాట. పేరెత్తితే దాని బలం పెరుగుతుందని మొదటి ఉత్తరంలో రాయలేదు.

కరివేపాకు మొక్క నాటుదామని నేనే తవ్వాను. మోకాటి లోతున బొగ్గులు. బొగ్గుల కింద కల్లుప్పు. ఉప్పు మధ్యన రాగి పలక, దానికి బిగించిన తీగ. బొగ్గు, ఉప్పు, రాగిరేకు, అదీ ఈశాన్యం మూల. అదేమిటో నాలాంటి పెద్ద చదువు లేనిదానికి కూడా తెలుసు. మన ఇల్లు చూసి ఓర్వలేక ఎవరో చేతబడి చేయించారు.

ఎవరో ఏమిటి, శకుంతలమ్మే. గృహప్రవేశం నాడు పాయసం తింటూ, "అరుగు బలే ఎత్తుగా కట్టినారే అక్కా, మా వాకిలికి గాలి రాకుండా" అన్నది. అప్పుడే అనుకున్నాను. తీగను కొడవలితో కోసి, బొగ్గూ ఉప్పూ ఎత్తి రోడ్డవతల పోసి, పలకను పట్టకారుతో పట్టుకుని వెనుదిరిగి ఆమె పెరట్లోకే విసిరేశాను. ఎవరిది వాళ్లకే చేరాలి. ఆ మరుసటి పొద్దు నుంచే కొళాయి కొరకడం. చూశావా దాని పగ. నువ్వేమో ఆమె బావిలోనే నీళ్లు తెమ్మంటావు. నేను వీధి చివర చేతిపంపుకు పోతున్నాను.

ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం కాస్త కన్ను మూస్తే చాలు, మీ బావ వస్తున్నారు. ఫ్యాను మెల్లగా తిరుగుతుంటుంది. ఎదురుగా కనిపించే కొండ నీలంగా మారి కిటికీ దాకా నడిచొచ్చినట్టు ఉంటుంది. ఆయన తడికాళ్లతో లోపలికొచ్చి పీట మీద కూర్చుంటారు. ఆ అడుగులు గచ్చు మీద అద్దం ముక్కల్లా మెరుస్తాయి. అన్నం కలుపుకుని, తలెత్తి, "చంద్రా, ఉప్పు లేదే" అంటారు. నేను జాడీ కోసం లేస్తాను. ఎంత నడిచినా వంటిల్లు రాదు. మెలకువ వచ్చేసరికి చేతిలో విసనకర్ర ఉంటుంది. బీపీ అని డాక్టరు ఉప్పు మానిపిస్తే చప్పిడి కూడు నోరెత్తకుండా తిన్న మనిషి, ఇప్పుడెందుకు అడుగుతున్నారు తమ్ముడూ?

ఇట్లు,
నీ అక్క

మరిచాను: రాగి పలక మంచి బరువుంది. విసిరేటప్పుడు ప్రాణం చివుక్కుమంది.

———

(కార్డు)

అక్కకు,

అవి అక్కడ పెట్టింది నేనే. తెలిసే పెట్టాను. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు. శకుంతలమ్మ గారికి ఏ సంబంధమూ లేదు. మళ్లీ పెట్టకపోతే మీ ప్రాణాలకే ముప్పు. గంట కొట్టారు, పోవాలి.

మునస్వామి

———

వడమాలపేట

మునస్వామి గారికి చంద్రకాంతమ్మ రాయునది.

మీ కార్డు అందింది. మొదట పోస్టుమాను మునెయ్యకు అందింది. ఆయన చదువుకుని, టీ అంగడి దగ్గర నలుగురికి వినిపించి, అందరూ విన్నాక నాకు తెచ్చిచ్చాడు. "ఏందమ్మా, కూడబుట్టినోడే పెట్టినాడంట కదా" అన్నాడు. నేను తలుపు చాటుకు పోయాను.

నేను నీకేం చేశాను? అమ్మ గాజులు నాకు ఇచ్చిందనా? అవి కరిగించి ఈ ఇంటి దూలాలకే పెట్టాను. లేకపోతే గృహప్రవేశం నాడు నీకు పెట్టిన పంచె సంగతా? అంచు సన్నగా ఉందని నీ భార్య ఎవరితోనో అన్నదంట. ఆ మాత్రానికి బొగ్గూ ఉప్పూ పాతిపెడతారా? ఒక్క మాట చెప్పుంటే అంచు పెద్దది తెచ్చి మార్చేదాన్ని కదా. పైగా మళ్లీ పెట్టకపోతే ప్రాణాలు పోతాయని బెదిరింపు.

కార్డు ప్రేమానందానికి చూపలేదు. మేనమామ మీద వాడి మనసు విరిగిపోతుందని బియ్యం డబ్బాలో దాచాను. వాడు సామాను బండి మాట్లాడడానికి తిరుగుతున్నాడు. నేను వద్దనడం లేదు. ఇంక ఏ మొహంతో వద్దనాలి?

ఇట్లు,
చంద్రకాంతమ్మ

మరిచాను: చిన్నప్పుడు నీకు దినమూ ఉప్పుతో దిష్టి తీసింది నేనే. ఆ ఉప్పు ఎవరూ తొక్కని చోట పారేయమన్నారు. ఒకసారి సోమరితనంగా వాకిట్లోనే పారేశాను. అదిగానీ ఇట్లా తిరిగొచ్చిందా?

ఎండలు ముదిరాయి. మజ్జిగ తాగు.

———

చిత్తూరు

అక్కకు మునస్వామి సాష్టాంగ నమస్కారాలు.

పంచె అంచు సంగతి నీ మరదలిని అడిగాను. వంటింట్లోకి పోయిన మనిషి ఇంకా బయటికి రాలేదు. నాకైతే ఆ పంచె చాలా నచ్చింది. ఇప్పుడు కట్టుకున్నది అదే.

అక్కా, నువ్వు తవ్వినది చేతబడి కాదు, ఎర్తు గుంత. దారితప్పిన కరెంటు పైపులో తిరగకుండా భూమిలోకి దిగడానికి పెడతారు. రాగి పలక దాన్ని భూమికి అప్పజెబుతుంది. బొగ్గూ ఉప్పూ అక్కడ తడి ఆరిపోకుండా చూస్తాయి. ఇల్లు కట్టించుకున్న ప్రతివాళ్ల పెరట్లోనూ ఉండేదే.

ఇదంతా నేను చెబితే నువ్వు నమ్మవు. నన్ను నమ్మొద్దు, గోవిందయ్య బావను నమ్ము. ఆయన తడికాళ్లతో ఎందుకొస్తున్నాడు? ఆ గుంత ఎండిపోయింది, తడి కావాలని. ఉప్పు లేదే అని ఎందుకంటున్నాడు? నువ్వు ఎత్తి పారేశావు. నీ చెయ్యి జిల్లుమంటుంటే చూడలేక, నాకంటే ముందే వచ్చి చెబుతున్నాడు. డాక్టరు మాట అక్కడ చెల్లదు. ఆయనకు ఉప్పు పెట్టు.

కాళ్లావేళ్లా పడితే వచ్చే ఆదివారం ఒక్కపూట వదులుతామన్నారు. తీగ కలపడం, మోటారు బాగుచేయడం నా పని. బొగ్గూ ఉప్పూ నీ పని. పలక మాత్రం పక్కింటికి పోయి నువ్వే అడిగి తేవాలి. ప్రేమానందాన్ని బండి మాట్లాడొద్దను.

ఇట్లు,
మునస్వామి

ఇకమీదట నీకు కార్డు రాయను.

———

వడమాలపేట

చిరంజీవి మునస్వామికి అక్క మనసారా దీవించి రాసేది.

నువ్వు వచ్చి పోయినప్పటినుంచి కొళాయి బుద్ధిగా ఉంది. అయినా నేను మొదట చిటికెనవేలితో ముట్టి చూసి, తర్వాతే బిందె పెడుతున్నాను.

పలక ఎట్లా తెచ్చానో నువ్వు అడిగితే మాట మార్చాను. ఎదురుగా చెబితే నవ్వుతావని. ఇప్పుడు నవ్వుకో.

శకుంతలమ్మ ఇంటికి పోతే, నీళ్లకుండ మీద మూతగా పెట్టుంది మన పలక. చింతపండుతో తోమి బంగారంలా మెరిపించింది. దాని మీద పసుపు, కుంకుమ.

"ఆకాశంలోంచి పడినాదక్కా," అన్నది. "లక్ష్మి నడిచొచ్చినాదని మా ఆయన ఒకటే సంబరం."

"అది మాది," అన్నాను.

"మీదా? ఎట్లొచ్చినాది ఈడికి?"

"గాలికి."

"అంత గాలి యాడిదక్కా? దండెం మీద నా చీరన్నా కదల్లేదే."

ఇంక దాచలేక అంతా చెప్పేశాను. ఆమె ఉన్నట్టుండి గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నాకా మంత్రాల ఇద్దె వస్తే ముందు మా ఆయన గురక ఆపుకోనా? మీ అరుగుతో నాకేం పనక్కా" అన్నది. తర్వాత పలక ఇచ్చేసి, గుంతకని ఉప్పుమూట తెచ్చి నా చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. "చేతికిస్తే కొట్లాటొస్తాది. ఒకసారి అయినాది చాలదా" అన్నది. సాయంత్రాలు ఇప్పుడు మన అరుగు మీదే కూర్చుంటుంది. ఇక్కడ గాలి బాగుందంటుంది.

ప్రేమానందం బండివాడికి వద్దని చెప్పొచ్చాడు. కరివేపాకు మొక్కను గుంతకు దూరంగా వాడే నాటాడు. పొద్దున్నే చెంబెడు నీళ్లు గుంతలో పోసేది మాత్రం నేనే.

నువ్వు పోయిన మరుసటి మధ్యాహ్నం మీ బావ వచ్చారు. కాళ్లు పొడిగా ఉన్నాయి. అన్నం కలుపుకుని తృప్తిగా తిన్నారు, ఏమీ అడగలేదు. అరుగు మీదికి వచ్చి, స్తంభానికి ఆనుకుని కాసేపు కొండ చూశారు. నేను తాంబూలం తెచ్చేలోగా కొండ దాని చోటికి అది పోయింది. ఆయనా పోయారు.

ఇట్లు,
నీ అక్క చంద్రకాంతమ్మ

మరిచాను: ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు. రోజూ మధ్యాహ్నం పీట వేసే పడుకుంటున్నాను. గుంతలో ఒక పిడికెడు ఉప్పు తక్కువైతే కొళాయి మరీ కొరకదు కదా? కొంచెం జిల్లుమన్నా నేను ఓర్చుకుంటాను. ప్రేమానందానికి తెలియకుండా జవాబు రాయి. కవరులో.