నీళ్ల అడుగున ఊదు వాసన

కొల్లాపూర్,
ఫిబ్రవరి 4, 2019

చిరంజీవి సుచరితను మేనమామ ఐలేశం దీవించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. నల్గొండ కాలేజీలో నీ కెమిస్ట్రీ పాఠాలకు పిల్లలు మేలుకొనే ఉంటున్నారని తలుస్తాను.

ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. కృష్ణలో మునిగిన మోటార్లు తీయడానికి నేను వీపుకు కట్టుకునే గాలి సిలిండర్ ఉంది కదా. దాన్ని నింపడానికి ఇంట్లో కంప్రెసర్, దానికి నువ్వు పెట్టించిన ఫిల్టర్ ఉన్నాయి. అంతా బాగానే ఉంది గానీ, నెల రోజులుగా నీళ్ల అడుగుకు పోగానే గుళ్లో వేసే ఊదు వాసన వస్తోంది. పైకి వచ్చాక తల బరువు. మీ అత్తమ్మ నర్సింగమ్మ "గంగమ్మ తల్లి నీ ఎంబడి తిరుగుతాంది, ఇగ నీళ్లల్లకు రావద్దంటాంది" అని తేల్చేసింది.

వచ్చే గురువారం, ఊరి చేలకు నది నీళ్లు ఎత్తిపోసే దామోదర్ లిఫ్టు పైపుకు చుట్టుకున్న చేపల వల కోయాలి. లేకపోతే ఊరి పల్లి చేలన్నీ ఎండిపోతాయి. దిగనా, వద్దా?

ఇట్లు, నీ మామ

తా.క. నీళ్ల కింద గంగమ్మకు అగ్గిపెట్టె ఎవరిచ్చారో అర్థం కావడం లేదు.

నల్గొండ,
ఫిబ్రవరి 6

మామకు సుచరిత నమస్కారాలు.

గంగమ్మ సంగతి నాకు తెలియదు. వాసన సిలిండర్ దాకా వస్తోందంటే ఫిల్టర్‌లో కార్బన్ పని అయిపోయింది. మార్చు. మార్చాక సిలిండర్ గాలిని తెల్ల రుమాలు మీదికి వదిలి, ఆ రుమాలు కవర్లో కట్టి బస్సులో పంపు. నేను చూసేదాకా నీళ్లలో దిగొద్దు. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం శుభ్రమైన చోటే ఉంది కదా?

ఇట్లు, సుచరిత

తా.క. గంగమ్మ నిజంగానే వెంట వస్తుంటే ఆ వలేదో ఆమెనే కోయమను.

కొల్లాపూర్,
ఫిబ్రవరి 8

చిరంజీవి సుచరితకు ఆశీస్సులు.

కార్బన్ అంటే బొగ్గే కదా అని ఇస్త్రీ చేసే పెద్దులు దగ్గర రెండు దోసిళ్లు తెచ్చి నింపాను. రుమాలు పంపుతున్నాను. అది దారిలో నల్లబడలేదు, ఇక్కడే నల్లబడింది.

గొట్టం గురించి ఫికరు పడకు. ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన చోట పెట్టమని ఫిల్టర్ పెట్టించిన రోజు నువ్వే అన్నావు. వాకిట్లో దుమ్ము, వంటింట్లో పోపు, పడకగదిలో నా బీడీలు. అందుకని దేవుడి గదిలో పెట్టాను. అంతకంటే శుభ్రమైన జాగా ఈ మండలంలో ఉంటే చూపించు. మీ అత్తమ్మకు ఈమధ్య భక్తి కూడా పెరిగింది. నేను కంప్రెసర్ పెట్టినప్పుడల్లా పొయ్యిలో నిప్పులు తెచ్చి ఊదు వేస్తోంది.

ఇట్లు, నీ మామ

తా.క. బొగ్గులు చల్లారాకే పోశాను. నేనేం అమాయకుణ్ణి కాను.

నల్గొండ,
ఫిబ్రవరి 10

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వు మాని ఈ పార్సిల్ కట్టాను. ఆ బొగ్గులు పారేయి. ఈ పార్సిల్లోని ఫిల్టర్ గుళికలే నింపు. సిలిండర్లో ఉన్న గాలంతా వదిలేయి. నిప్పుల పొగలో రంగూ వాసనా లేని విషగాలి ఒకటి ఉంటుంది, ఈ గుళికలు కూడా దాన్ని ఆపలేవు. నేల మీద తలనొప్పితో పోయేది నీళ్ల లోతులో ప్రాణం తీస్తుంది. గొట్టాన్ని డాబా మీద, పొగలకు దూరంగా పెట్టు. ఇంకో రుమాలు పంపు. ఈ ముక్క అత్తమ్మకు చదివి వినిపించు.

ఇట్లు, సుచరిత

తా.క. దేవుడి గది శుభ్రమే మామా. కానీ దేవుళ్లు ఊపిరి పీల్చరు, నువ్వు పీలుస్తావు.

కొల్లాపూర్,
ఫిబ్రవరి 15

చిరంజీవి సుచరితకు ఆశీస్సులు.

గొట్టం డాబా ఎక్కింది. రుమాలు బాగుందని నువ్వు కబురు చేశాకే నిన్న దిగాను. వల కోసేశాను, పల్లి చేలకు నీళ్లు పారుతున్నాయి. తలనొప్పి లేదు. నేను పైకి తేలేదాకా మీ అత్తమ్మ ఒడ్డున ఏడుస్తూనే ఉందట, ఎందుకో చెప్పదు. ఊదు వాసన కూడా పోయింది. అబద్ధమెందుకు, కింద ఒంటరిగా అనిపించింది.

ఇట్లు, నీ మామ

తా.క. నీ గుళికలు గట్టివి బిడ్డా. గంగమ్మ తల్లిని కూడా వడగట్టేశాయి.

కొల్లాపూర్,
ఫిబ్రవరి 16

చిరంజీవి సుచరితను అత్తమ్మ నర్సింగమ్మ దీవించి రాయునది. మీ మామకు తెలియకుండా రాస్తున్నాను, చదివాక చింపేయి.

నాకు భక్తి ఏమీ పెరగలేదు బిడ్డా. మీ మామకు అరవై రెండు నిండాయి. నీళ్ల పని మానమని ఎన్నేళ్లు మొత్తుకున్నా నా మాట చెవిన పెట్టడు. దేవత మాటైనా వింటాడని, ఆయన కంప్రెసర్ పెట్టగానే ఊదు తెచ్చి సరిగ్గా ఆ గొట్టం మూతి కిందే పెట్టేదాన్ని. నువ్వు రాసిన విషగాలి ముక్క ఆయన చదివితే గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. బతికించుకుందామని నేనే చంపబోయాను.

మొన్న పుట్టి పడవ ఎక్కుతూ "ఎందుకేడుస్తున్నవే, వల కోసేటందుకే గద పోతున్న" అన్నాడు. నేను సిలిండర్ పట్టీలు బిగించి పంపాను.

ఇప్పుడు డాబా మీద గొట్టానికి కాపలా నేనే. ఆయన సిలిండర్ నింపుతున్నంతసేపు పక్కింటివాళ్లను పొయ్యి కూడా ముట్టించనివ్వడం లేదు.

ఇట్లు, నీ అత్తమ్మ

తా.క. గంగమ్మతో కాలేదు గానీ, ఆయనకు సైన్సంటే భయం పట్టుకుంది. అరవై దాటినవాళ్లకు సిలిండర్ గాలి పడదని, కాలేజీ ముద్ర వేసి ఒక కాగితం పంపు బిడ్డా. అబద్ధమే అనుకో. కానీ ఈ అబద్ధానికి పొగ రాదు.